మార్కెటింగ్‌లో అప్రెంటిస్‌గా చేరడం ఎలా: నల్లగొండ, పాలమూరు యువతకు మార్గదర్శి

డిగ్రీ పూర్తిచేసి మార్కెటింగ్ రంగంలోకి వెళ్లాలనుకునే మన ప్రాంతపు యువతకు మొదట ఎదురయ్యే ఇబ్బంది అందరికీ తెలిసినదే. ప్రతి కంపెనీ అనుభవం అడుగుతుంది. ఉద్యోగం దొరికితే తప్ప ఆ అనుభవం రాదు. ఈ చిక్కును చట్టబద్ధంగా విప్పే దారి అప్రెంటిస్‌షిప్, అంటే ఒప్పందం మీద ఒక సంస్థలో చేరి, నెలనెలా స్టైపెండ్ (శిక్షణ భత్యం) తీసుకుంటూ పని నేర్చుకోవడం. నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం, వాటి పరిధిలోని కళాశాలల నుంచి బీకాం, బీబీఏ, బీఏ, బీఎస్సీ చదివి వచ్చేవారిలో చాలామంది అప్రెంటిస్ అనగానే ఐటీఐ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ పనులే అనుకొని ఈ దారి వైపు చూడటం లేదు. ఇది సరిచేసుకోవలసిన అభిప్రాయం. అయితే అప్రెంటిస్‌గా చేరినంత మాత్రాన మార్కెటింగ్ వచ్చేయదు. స్టైపెండ్ ఎంత, కంపెనీ పేరు ఎంత పెద్దది అన్న ప్రశ్నలకంటే, మీరు చేసిన పనికి గిరాకి పెరిగిందా లేదా అన్న లెక్క మీ కంటికి కనిపిస్తుందా, దాన్ని చదవడం నేర్పే మనిషి అక్కడ ఉన్నాడా అన్న రెండు ప్రశ్నలే చేరే చోటును నిర్ణయించాలి. ఈ వ్యాసంలోని సలహాలన్నీ ఆ రెండు ప్రశ్నల నుంచి వచ్చినవే.

మార్కెటింగ్ పేరుతో కనిపించేదంతా మార్కెటింగ్ కాదు

మన పట్టణాల బస్టాండు గోడల మీద "మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్‌లు కావలెను" అని ఫోన్ నంబరు తప్ప మరే వివరమూ లేని కాగితాలు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. వీటిలో కొన్ని నిజమైన అమ్మకపు ఉద్యోగాలే కావచ్చు. కాని ముందుగా మీ చేత డబ్బు కట్టించి, ఆపైన మీ బంధువులను, స్నేహితులను చేర్పిస్తే కమీషన్ ఇస్తామని చెప్పేది ఏదైనా గొలుసు పథకమే. ఇలాంటి వాటిని 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం నేరంగా పరిగణిస్తుంది. 2021లో వచ్చిన ప్రత్యక్ష అమ్మకాల నిబంధనలు ఇలాంటి గొలుసు (పిరమిడ్) పథకాలను నిషేధించడమే కాక, చేరడానికి రుసుము తీసుకోరాదని కూడా స్పష్టంగా చెబుతున్నాయి. కాబట్టి పని నేర్పడానికి మీ దగ్గరే డబ్బు అడిగిన చోటు నుంచి మారు మాట్లాడకుండా వెనక్కి రావాలి. అసలైన అప్రెంటిస్‌షిప్‌లో డబ్బు కంపెనీ నుంచి మీకు వస్తుంది, మీ నుంచి కంపెనీకి పోదు.

అమ్మకం మార్కెటింగ్‌లో ఒక భాగం మాత్రమే. ఎవరికి ఏ సరుకు అవసరమో తెలుసుకోవడం, దాన్ని ఏ ధరకు, ఏ దుకాణం ద్వారా, ఏ మాటలతో వారి దగ్గరికి చేర్చాలో నిర్ణయించడం, చేర్చిన తరువాత ఫలితాన్ని కొలవడం, ఇవన్నీ కలిస్తేనే మార్కెటింగ్. అలాగని అమ్మకాన్ని చిన్నచూపు చూడటం తగదు. ఎదురుగా నిలబడి కొనే మనిషి ముఖంలోని సందేహాన్ని చదవడం తెలియనివారు కంప్యూటర్ ముందు కూర్చొని రాసే ప్రకటనలో పస ఉండదు.

చట్టం ఏమి చెబుతోంది

మన దేశంలో అప్రెంటిస్‌షిప్‌కు ఆధారం 1961 అప్రెంటిస్ చట్టం. తొలి రోజుల్లో ఇది కర్మాగారపు వృత్తులకే ఎక్కువగా ఉపయోగపడేది. 2014 సవరణ ఇంజినీరింగేతర పట్టభద్రులకూ, కంపెనీలు తమ అవసరాన్నిబట్టి రూపొందించుకునే ఐచ్ఛిక విభాగాలకూ తలుపు తెరిచింది. రిటైల్, అమ్మకాలు, డిజిటల్ మార్కెటింగ్ వంటి పనులు ఈ ఐచ్ఛిక విభాగాల కిందికే వస్తాయి. వీటి వ్యవధి 6 నెలల నుంచి 36 నెలల వరకు ఉండవచ్చు. 2019లో సవరించిన నియమాల ప్రకారం 30 మంది లేక అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. 4 నుంచి 29 మంది ఉన్న సంస్థలకు అది ఐచ్ఛికం. ఈ విషయం మీకు తెలిసి ఉండటం ముఖ్యం. మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో ఉన్న ఒక మధ్యతరహా సంస్థ యజమానికి ఈ నియమం తెలియకపోవచ్చు. మీరే వెళ్లి వినయంగా వివరిస్తే, ప్రకటన ఇవ్వని చోట కూడా ఒక స్థానం ఏర్పడే అవకాశం ఉంది.

కేంద్రం నడిపే పథకాలు రెండు ఉన్నాయి. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకాన్ని నాప్స్ అంటారు. దీని పోర్టల్ అప్రెంటిస్‌షిప్ ఇండియా. పాఠశాల చదువు మధ్యలో ఆపినవారి నుంచి పట్టభద్రుల వరకు ఇందులో చేరవచ్చు. స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం నేరుగా అప్రెంటిస్ బ్యాంకు ఖాతాలో వేస్తుంది. రెండవది విద్యా మంత్రిత్వ శాఖ నడిపే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం, అంటే నాట్స్. ఇది డిప్లొమా, డిగ్రీ పూర్తిచేసినవారి కోసం ఉద్దేశించినది. ఇందులో కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. దక్షిణాది రాష్ట్రాల వ్యవహారాలను చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు చూస్తుంది. తాజాగా డిగ్రీ పూర్తిచేసిన వారు రెండు పోర్టళ్లలోనూ పేరు నమోదు చేసుకోవడం మంచిది. రెండింటిలోనూ నమోదు ఉచితమే.

2019 నియమాల ప్రకారం కనీస నెలసరి స్టైపెండ్ డిగ్రీ ఉన్నవారికి 9,000 రూపాయలు, డిప్లొమా ఉన్నవారికి 8,000, ఇంటర్ పూర్తిచేసినవారికి 7,000, పదో తరగతి పూర్తిచేసినవారికి 6,000. ఈ మొత్తాలను 36 శాతం పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. కనుక ఒప్పందం మీద సంతకం చేసే నాటికి అమల్లో ఉన్న రేటును పోర్టల్‌లో చూసుకొని, కాగితం మీద ఉన్న అంకె దానికి తగ్గలేదని నిర్ధారించుకోండి. ఒక నెల స్టైపెండ్ తరువాతి నెల 10వ తేదీలోగా చెల్లించాలి. చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణ పొందే వ్యక్తే తప్ప కార్మికుడు కాడు. శిక్షణ పూర్తయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధమూ సంస్థకు లేదు. ఈ మాట ఇంట్లో పెద్దలకు ముందే చెప్పి ఉంచడం అవసరం. లేకపోతే సంవత్సరం తిరిగేసరికి "పర్మినెంట్ ఎప్పుడు చేస్తారు" అన్న ప్రశ్నతో మీ మీద లేనిపోని ఒత్తిడి పెరుగుతుంది.

ఇంకా ఇంటర్‌లో ఉన్నవారికి, లేదా దోస్త్ (రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం) ద్వారా డిగ్రీలో చేరబోతున్నవారికి మరొక మార్గం ఉంది. బీబీఏ రిటైల్ ఆపరేషన్స్ వంటి కోర్సుల్లో చదువూ అప్రెంటిస్‌షిప్పూ కలిసే ఉంటాయి. మీరు ఎంచుకునే కళాశాలలో అటువంటి కోర్సు ఉందా, పని చేసే చోటు మీ ఊరి నుంచి రోజూ వెళ్లిరాగల దూరంలో ఉంటుందా అన్నవి ఆప్షన్లు పెట్టేముందే కళాశాలకు వెళ్లి కనుక్కోండి.

ఏ చోట చేరాలి

ఈ నిర్ణయం అన్నిటికంటే ముఖ్యమైనది కనుక దీనికి ఎక్కువ సమయం ఇవ్వాలి.

ఊరి దగ్గర పెద్ద కర్మాగారం ఉంది కాబట్టి అక్కడే మార్కెటింగ్ నేర్చుకోవచ్చని చాలామంది అనుకుంటారు. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కంపెనీలు ఉన్నాయి, చౌటుప్పల్ చుట్టూ పరిశ్రమలు ఉన్నాయి. అయితే ఇలాంటి చోట్ల సాధారణంగా ఉండేది ఉత్పత్తి, నాణ్యత పరీక్ష, స్టోర్స్ విభాగాలే. మార్కెటింగ్ విభాగం హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉంటుంది. అక్కడ అప్రెంటిస్‌గా చేరితే డిస్పాచ్ కాగితాలు నేర్చుకుంటారు తప్ప కొనుగోలుదారుడి ముఖం చూడరు. ప్రభుత్వ రంగ బ్యాంకులు పట్టభద్రులను అప్రెంటిస్‌లుగా తీసుకుంటున్నాయి. అవి మంచి అవకాశాలే, కాని అక్కడ నేర్పేది బ్యాంకింగ్. మార్కెటింగ్ మీ లక్ష్యమైతే ఆ తేడా తెలిసి చేరండి.

నా అభిప్రాయంలో దక్షిణ తెలంగాణలో మార్కెటింగ్ నేర్చుకోవడానికి అన్నిటికంటే గట్టి బడి విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల రంగం. నల్లగొండ పత్తి, వరి, బత్తాయి, పాలమూరు పత్తి, వేరుశనగ, కందుల మీద ఆధారపడిన ఈ వ్యాపారంలో కొనేవాడు రైతు, సలహా చెప్పేవాడు దుకాణదారుడు, చాలాసార్లు ఉద్దెర ఇచ్చేవాడూ అతడే. కంపెనీ ఎంత ప్రకటన చేసినా, ఊళ్లో ఒక రైతు పొలంలో వేసిన ప్రదర్శన మడి బాగుంటేనే పక్క రైతు ఆ విత్తనం అడుగుతాడు. ప్రదర్శన మడికి రైతును ఎంచుకోవడం, క్షేత్ర దినోత్సవానికి చుట్టుపక్కల రైతులను పిలవడం, డీలర్ దగ్గర సరుకు నిల్వ ఎంతుందో, ఎంత కదిలిందో వారంవారం రాయడం, రైతుల ఫోన్ నంబర్ల జాబితాను వారి అనుమతితో తయారుచేసి పంట దశనుబట్టి సందేశాలు పంపడం, ఇవన్నీ ఒక్క సీజన్‌లోనే నేర్చుకోవచ్చు. వానాకాలం అమ్మకాలు జూన్‌కు ముందే వేడెక్కుతాయి కనుక మార్చి, ఏప్రిల్‌లలో చేరితే సన్నాహం, అమ్మకం, పంట ఫలితం మూడూ చూడగలుగుతారు. ఆగస్టులో చేరితే సగం కథ అయిపోయి ఉంటుంది.

సిమెంటు రంగం కూడా ఇటువంటిదే. వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెర్వు ప్రాంతాల్లో తయారయ్యే సిమెంటు ఇంటి యజమాని డబ్బుతో కొనేదే అయినా, ఏ బ్రాండు వాడాలో చెప్పేది ఎక్కువగా మేస్త్రి. అందుకే ఆ కంపెనీలు మేస్త్రీల సమావేశాలు పెడతాయి, గోడల మీద ప్రకటనలు రాయిస్తాయి, డీలర్లకు సీజన్ స్కీములు ఇస్తాయి. కొనేవాడు ఒకడు, నిర్ణయించేవాడు మరొకడు అన్న విషయం ఇక్కడ కళ్లారా చూసిన విద్యార్థికి ఆ తరువాత ఏ రంగంలోనైనా మొదటి ప్రశ్న అదే తోస్తుంది: ఇక్కడ నిజంగా నిర్ణయించేది ఎవరు?

నిత్యావసర సరుకుల డిస్ట్రిబ్యూటర్ల దగ్గర నేర్చుకునేది వేరు. ఒక బీట్‌లో, అంటే ఒక సేల్స్‌మన్ తిరిగే దారిలో, ఎన్ని కిరాణా దుకాణాలు ఉన్నాయి, వాటిలో ఎన్నిటికి సరుకు వెళ్లింది, కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు జరిగే ప్రైమరీ అమ్మకానికీ, డిస్ట్రిబ్యూటర్ నుంచి దుకాణానికి జరిగే సెకండరీ అమ్మకానికీ తేడా ఎందుకు వస్తుంది అన్నవి అక్కడ రోజూ మాట్లాడుకునే విషయాలు. శరీర శ్రమ ఎక్కువే, కాని లెక్క దాచిపెట్టడానికి వీల్లేని చోటు అది. వస్త్ర దుకాణాలు, నగల షోరూములు, ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో చేరాలనుకుంటే బతుకమ్మ, దసరా సీజన్ మీ శిక్షణ కాలంలో పడేలా, ఆషాఢం తగ్గింపుల నాటికే లోపల ఉండేలా చూసుకోండి.

పోచంపల్లి ఇక్కత్, గద్వాల చీర, నారాయణపేట చీర వంటి భౌగోళిక గుర్తింపు ఉన్న చేనేతలను అమ్మే సంస్థలు చిన్నవి కావచ్చు. అయినా 4 మంది సిబ్బంది ఉంటే చట్టప్రకారం అప్రెంటిస్‌ను తీసుకోవచ్చు. ఇలాంటి చోట మీకు బాస్ తక్కువ, పని ఎక్కువ: ఫొటో తీయడం, వివరణ రాయడం, ఆన్‌లైన్ ఆర్డర్ ప్యాక్ చేయడం, తిరిగి వచ్చిన చీరకు కారణం తెలుసుకోవడం అన్నీ మీరే చేస్తారు. నేర్పేవారు లేకపోతే మాత్రం ఇదే చోటు నష్టం చేస్తుంది. అలాంటప్పుడు వారానికి ఒకసారైనా ఫోన్‌లో మార్గదర్శనం చేసే అనుభవజ్ఞుడు బయట ఎవరైనా ఉన్నారా అని ముందే చూసుకోవాలి.

ఇంటర్వ్యూలో సంస్థ మిమ్మల్ని ప్రశ్నలు అడిగినట్టే మీరూ అడగాలి. నాకు రోజూ పని చెప్పేది, తప్పులు దిద్దేది ఎవరు, వారి పని ఏమిటి? అమ్మకాల, ప్రకటన ఖర్చుల నివేదికలు నాకు చూపిస్తారా? శిక్షణ ప్రణాళిక రాతలో ఉందా? ఊళ్లు తిరిగే పనికి ప్రయాణ ఖర్చు స్టైపెండ్‌కు అదనంగా ఇస్తారా? ఈ ప్రశ్నలకు చిరాకు పడే చోట పన్నెండు నెలలు గడపడం మీకు మేలు చేయదు.

దరఖాస్తుకు ముందు చేయవలసిన పని

సర్టిఫికెట్లు పోగుచేయడం కంటే ఒక చిన్న నిజమైన పని చేసి చూపడం వందరెట్లు బలమైన దరఖాస్తు. మీ వీధిలోని ఒక దుకాణాన్ని ఎంచుకోండి; మెడికల్ షాపు కావచ్చు, టైలర్ కావచ్చు, మెకానిక్ షెడ్డు కావచ్చు. యజమాని అనుమతి తీసుకొని గూగుల్‌లో ఆ దుకాణం వ్యాపార ప్రొఫైల్‌ను సరిచేయండి: సరైన చిరునామా, తెరిచే వేళలు, ఫోన్ నంబరు, మంచి వెలుతురులో తీసిన ఫొటోలు. ఇది ఉచితం. వాట్సాప్ బిజినెస్‌లో సరుకుల జాబితా ధరలతో సహా పెట్టించండి. పని మొదలుపెట్టే ముందు వారానికి ఎన్ని ఫోన్లు వస్తున్నాయో, తరువాత ఎన్ని వస్తున్నాయో దుకాణదారుడి చేత ఒక నోటుబుక్కులో గీతలు పెట్టించి లెక్క తీయండి. సమీక్షలు మాత్రం నిజంగా కొన్నవారి చేతనే రాయించాలి. స్నేహితుల చేత అబద్ధపు సమీక్షలు రాయించడంతో ఈ వృత్తి మొదలుపెట్టకండి.

అంకెలతో ఆలోచించడం ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చెబుతాను. ఒక చీరల దుకాణం ఒక వారం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల మీద 3,000 రూపాయలు ఖర్చుపెట్టిందనుకుందాం. 60 మంది ధర అడిగారు, 6 మంది కొన్నారు. అంటే ఒక విచారణకు 50 రూపాయలు, ఒక అమ్మకానికి 500 రూపాయలు ఖర్చయింది. చీరకు లాభం 400 రూపాయలైతే ప్రతి అమ్మకం మీద 100 రూపాయలు పోయినట్టే. మరుసటి వారం అదే ఖర్చుతో, ఫొటో మీదనే ధర వేసి ప్రకటించారు. ఈసారి అడిగినవారు 30 మందే, కాని 10 మంది కొన్నారు. విచారణకు ఖర్చు 100 రూపాయలకు పెరిగింది, అమ్మకానికి ఖర్చు 300 రూపాయలకు తగ్గింది, దుకాణానికి లాభం మిగిలింది. విచారణల సంఖ్యను మాత్రమే చూసేవాడు రెండో ప్రకటన విఫలమైందంటాడు. మార్కెటింగ్ తెలిసినవాడు దాన్నే కొనసాగిస్తాడు. ఇంటర్వ్యూలో ఈ లెక్కను కాగితం మీద వేసి వివరించగలిగిన అభ్యర్థిని ఏ మేనేజరూ తేలికగా తీసుకోడు.

దీనితోపాటు ఎక్సెల్‌లో మొత్తాలు, శాతాలు, అంకెలను వర్గాలవారీగా కూర్చి చూపే పివట్ పట్టిక వేయడం నేర్చుకోండి. గూగుల్ స్కిల్‌షాప్‌లో ప్రకటనల పాఠాలు, పరీక్షలు ఉచితంగా ఉన్నాయి. ఆంగ్లం మీద పట్టు పెంచుకోవాలి, అది నిజం. కాని మీ తెలుగును లోపంగా చూసుకోవద్దు. హైదరాబాద్‌లో కూర్చొని రాసే ప్రకటనలు చాలావరకు ఆంగ్లం నుంచి అనువదించినవి, వాటిని చదివిన అచ్చంపేట రైతుకో దేవరకొండ గృహిణికో అవి తమతో మాట్లాడుతున్నట్టు అనిపించవు. ఊరి మాటను, తప్పులు లేని తెలుగులో, క్లుప్తంగా రాయగల మనిషి ప్రతి కంపెనీకీ అవసరమే.

దరఖాస్తుకు ఆధార్, ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా, మార్కుల మెమోలు, ఫొటో, వాడకంలో ఉన్న ఫోన్ నంబరు, ఈమెయిల్ సిద్ధం చేసుకోండి. ఆధార్‌లోనూ మెమోలోనూ పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ముందు వెనుకల తేడాతో నమోదు ఆగిపోవడం మన దగ్గర తరచూ జరుగుతుంది. పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తూ కూర్చోకుండా, ఆ సంస్థ ఏరియా మేనేజర్‌నో యజమానినో స్వయంగా కలిసి, మీరు చేసిన దుకాణం పనిని ఒక్క పేజీలో చూపించండి. ఆ పేజీలో సమస్య ఏమిటి, ఏమి చేశారు, ఎంత ఖర్చయింది, ఏమి మారింది, ఏది పనిచేయలేదు అన్న అయిదు విషయాలు చాలు.

శిక్షణ కాలంలో

మొదటి నెల ఎక్కువగా వినండి. సీనియర్ సేల్స్‌మన్ వెంట బీట్‌కు వెళ్లినప్పుడు అతడు దుకాణదారుడిని ఏ మాటతో పలకరించాడు, సరుకు వద్దన్నప్పుడు ఏమన్నాడు, బాకీ ఎలా అడిగాడు అన్నవి ఆ రాత్రే రాసుకోండి. ఇవి ఏ పుస్తకంలోనూ దొరకవు. రెండో నెల నుంచి ఏదో ఒక చిన్న అంకెను మీ బాధ్యతగా అడిగి తీసుకోండి: ఒక మండలంలోని డీలర్ల నిల్వ వివరం కావచ్చు, వాట్సాప్ సందేశాలకు వచ్చే జవాబుల లెక్క కావచ్చు. ప్రతి శనివారం ఆ అంకె ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గింది అని నాలుగు వాక్యాలు రాసి మీ పైఅధికారికి పంపండి. మీ ఊహ తప్పయితే ఆయన దిద్దుతారు, ఆ దిద్దుబాటే మీ అసలైన శిక్షణ. చెర్వుగట్టు, కురుమూర్తి, పెద్దగట్టు వంటి జాతరల్లో కంపెనీ స్టాల్ పెడితే తప్పక వెళ్లండి. ఒకే రోజు ఇన్ని రకాల కొనుగోలుదారులను మరెక్కడా చూడలేరు.

నెలలు గడిచినా కరపత్రాలు పంచడం, టీ తెప్పించడం, జిరాక్సులు తీయించడం దాటి పని రాకపోతే, శిక్షణ ప్రణాళికను ముందు పెట్టి మర్యాదగా అడగాలి. అప్పటికీ మార్పు లేకపోయినా, స్టైపెండ్ నిలిపివేసినా, ఒప్పందం మీద వచ్చే వివాదాన్ని అప్రెంటిస్‌షిప్ సలహాదారు (ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) దగ్గరికి తీసుకువెళ్లే హక్కును చట్టంలోని 20వ సెక్షన్ ఇస్తుంది. నాట్స్ కింద చేరినవారు చెన్నై బోర్డుకు రాయవచ్చు. అందుకే ఒప్పందం పోర్టల్‌లో నమోదయిందా లేదా అన్నది మొదటి రోజుల్లోనే చూసుకోవాలి. నమోదు కాని ఒప్పందంతో పనిచేయడం అంటే ఈ రక్షణలన్నీ వదులుకోవడమే.

అమ్మాయిలను క్షేత్ర పనికి పంపడానికి కుటుంబాలు వెనుకాడతాయి, ఆ భయాన్ని కొట్టిపారేయలేం. అయితే కొన్ని విషయాలు అనుకూలంగా ఉన్నాయి. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం కనుక, నల్లగొండలో ఉంటూ సూర్యాపేటలోనో, జడ్చర్లలో ఉంటూ మహబూబ్‌నగర్‌లోనో శిక్షణ పొందడం స్టైపెండ్‌కు భారం కాదు. పనిచోట లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం అప్రెంటిస్‌లకూ వర్తిస్తుంది. 10 మంది సిబ్బంది ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, లేని చోట జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. చేరే ముందే కమిటీ సభ్యుల పేర్లు అడిగి తెలుసుకోండి. రాత్రి ప్రయాణం ఉండే పనికి వాహనం ఏర్పాటు గురించి రాతలో మాట తీసుకోండి.

మరొక విషయం నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. శిక్షణలో ఉన్నప్పుడే అబద్ధం చెప్పమనే ఒత్తిడి రావచ్చు. ఎకరానికి రాని దిగుబడి వస్తుందని చెప్పి విత్తనం అమ్మితే నష్టపోయేది మన పక్క ఊరి రైతే. అచ్చు వేసిన బట్టను ఇక్కత్ అని అమ్మితే కూడు పోయేది మగ్గం మీద కూర్చున్న నేతన్నకే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించగలదు. ఫోన్ నంబర్ల జాబితాలు కొని సందేశాలు పంపడం కూడా ఇలాంటి తప్పే. అటువంటి పని చెప్పినప్పుడు "ఈ మాటకు ఆధారం ఏమైనా ఉందా సార్, ఉంటే దాన్నే ప్రకటనలో వేద్దాం" అని అడగండి. చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నతోనే మాట మారుతుంది.

ఇప్పటికే అమ్మకాల్లో ఉన్నవారు

మెడికల్ రిప్రజెంటేటివ్‌గా, షోరూమ్ సేల్స్‌మన్‌గా, డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆర్డర్లు తీసేవారిగా కొన్నేళ్లు పనిచేసి అక్కడే ఆగిపోయినవారికి కూడా అప్రెంటిస్‌షిప్ ఉపయోగపడవచ్చు, కాని ఆలోచించి నిర్ణయించుకోవాలి. జీతం వదులుకొని స్టైపెండ్‌కు రావడం ఇంటి బాధ్యతలు ఉన్నవారికి తేలిక కాదు. నాప్స్ సాయానికి 35 ఏళ్ల వయోపరిమితి కూడా ఉంది. వీరికి నా సలహా ముందుగా ఉన్న చోటే దారి వెతకమని. మీ కంపెనీలో స్కీములు రూపొందించే, ప్రకటనలు చూసే విభాగం ఏదో తెలుసుకొని, మీ ప్రాంతంలో ఏ స్కీము ఎందుకు పనిచేయలేదో దుకాణాల వారీ అంకెలతో ఒక నివేదిక రాసి ఏరియా మేనేజర్ ద్వారా పంపండి. క్షేత్రం నుంచి ఇలాంటి సమాచారం ఆ విభాగాలకు అరుదుగా అందుతుంది. అది ఫలించకపోతే, ఇంట్లో ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకొని, డిజిటల్ ప్రకటనల వైపు తక్కువ వ్యవధి అప్రెంటిస్‌షిప్ చూడండి. క్షేత్ర అనుభవం ఉన్న మనిషికి ఆ ఆరు నెలలు కొత్త పట్టభద్రుడి రెండేళ్లకు సమానంగా ఉపయోగపడతాయి.

శిక్షణ ముగిసే ముందు

చివరి మూడు నెలలు మిగిలి ఉండగానే తదుపరి పని మొదలుపెట్టాలి. నాట్స్ వారికి బోర్డు ఇచ్చే ధ్రువపత్రం, నాప్స్ వారికి పరీక్ష తరువాత వచ్చే సర్టిఫికెట్ సకాలంలో అందాలంటే హాజరు, పనితీరు వివరాలను సంస్థ ఎప్పటికప్పుడు పోర్టల్‌లో నింపి ఉండాలి; నింపారో లేదో మీరే అడిగి చూసుకోండి. మీ శనివారపు నివేదికల్లో మంచివి మూడు ఎంచుకొని, కంపెనీ రహస్య అంకెలు తీసేసి, శాతాలుగా మార్చి, అనుమతితో మీ దగ్గర ఉంచుకోండి. మీకు పని నేర్పిన వ్యక్తిని ఒక సిఫారసు లేఖ అడగండి. అందులో "కష్టపడే స్వభావం" వంటి మాటలకంటే మీరు చూసిన మండలం, చేపట్టిన పని, వచ్చిన ఫలితం ఉండేలా ఆ వివరాలు మీరే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. అదే సంస్థలో కొనసాగాలన్న కోరిక ఉంటే చివరి రోజు దాకా ఆగకుండా ఇప్పుడే చెప్పండి, ఏ హోదాకు, ఏ ప్రాంతానికి ఖాళీ రావచ్చో కనుక్కోండి. ఎక్కడైనా ఉద్యోగం ఖాయమైతే, జీతంతోపాటు ప్రయాణ భత్యం, టార్గెట్ మీద ఇచ్చే ప్రోత్సాహకం ఎలా లెక్కిస్తారో ఆఫర్ లేఖలో రాయించుకున్న తరువాతే సంతకం చేయండి.